వేరుశనగలో మొవ్వుకుళ్ళు వైరసు – దాని కుటుంబము, నిర్మాణము, అది చేయు చేటు

వేరుశనగ చేనిలో చిగురు నల్లబడి మొక్క గిడసబారినచో "వైరసు తగిలినది" అని ఒక్క మాటతో తేల్చివేయుట మన ప్రాంతమున పరిపాటియైనది. ఆ మాట తప్పు కాదు, కాని చాలదు. వాకిట నిలిచినవానిని "ఎవరో మనిషి" అని మాత్రము చెప్పినచో వాడు చుట్టమో, అప్పులవాడో ఇంటిలోనివారికి తెలియదు గదా! వైరసు సంగతియు అంతియే. ఏ వైరసో తెలిసినగాని ఏమి చేయవలెనో తెలియదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతముల చెనిక్కాయ చేలలో చిగురును మాడ్చు వైరసులు ముఖ్యముగా రెండు. ఒకటి మొవ్వుకుళ్ళు తెచ్చునది, రెండవది కాండపుకుళ్ళు తెచ్చునది. రెండును కంటికి కవలలవలె కనబడును. రెంటికిని తామరపురుగుతో పొత్తు కలదు. కాని వాని కుటుంబములు వేరు, నిర్మాణము వేరు, మొక్కనుండి మొక్కకు పోవు తీరు వేరు. అందుచేత ఒకదానికి పనికివచ్చు ఉపాయము రెండవదానికి చాలక, పెట్టిన ఖర్చు దండుగ యగును.

2000వ సంవత్సరమున ముంగారు పైరులో పొరుగుననున్న అనంతపురం జిల్లాలో జరిగినది ఇందుకు గట్టి సాక్ష్యము. ఆ యేడు లేత వేరుశనగ మొక్కలు చేలకు చేలే నల్లబడి చచ్చినవి. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. చిగురు మాడుట చూచి మొదట దానిని మొవ్వుకుళ్ళు అనియే తలచిరి. కాని హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులోనున్న ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనా సంస్థవారు మొక్కల రసమును పరీక్షింపగా మొవ్వుకుళ్ళు వైరసు జాడ దొరకలేదు. దొరికినది పొగాకు చారల వైరసు. దాని పుట్టిల్లు వేరుశనగ చేను కాదు, గట్టుమీద పూచిన వయ్యారిభామ. గట్టును వదలి చేనిలో ఎన్ని మందులు కొట్టినను అట్టి తెగులు ఆగుట కల్ల.

ముందుగా మొవ్వుకుళ్ళు వైరసును, దాని కుటుంబమును గూర్చి వివరముగా తెలిసికొందము. పిమ్మట రెండవదానితో పోల్చి చూడవచ్చును.

వైరసు అనగా నేమి?

వైరసు పురుగు కాదు, బూజు కాదు, బాక్టీరియా కాదు. దానికి నోరు లేదు, కడుపు లేదు, తనంతట తాను పెరుగు శక్తి లేదు. ఒక వ్రాత, ఆ వ్రాతను కప్పియుంచు పొర, అంతమాత్రమే. ఆ వ్రాత జీవకణములో ప్రవేశించినదా, కణము తన పని మాని వ్రాతలోనున్న ప్రకారము క్రొత్త వైరసులను తయారుచేయుటకు మొదలిడును. అందుచేతనే వైరసు తగిలిన మొక్కను మందుతో బాగుచేయుట సాధ్యము కాదు. బూజును చంపు మందులు కలవు, పురుగును చంపు మందులు కలవు. వైరసు మొక్క కణముతో కలిసిపోయి పనిచేయుచుండును గనుక, దానిని మాత్రమే చంపి మొక్కను బ్రతికించు మందు నేటికిని లేదు. అట్టిది కలదని ఎవరైనను అమ్మజూపినచో డబ్బు సంచిలోనే ఉంచుకొనుడు.

మన శరీరములో, పశువులలో, మొక్కలలో తరతరములకు దిగివచ్చు వ్రాత డి.ఎన్.ఏ. అను పదార్థమున ఉండును. వైరసులలో కొన్నింటి వ్రాత డి.ఎన్.ఏ.లోను, తక్కినవాటి వ్రాత దానికి చెల్లెలి వంటిదగు ఆర్.ఎన్.ఏ.లోను ఉండును. మినుము, పెసర పైరులలో పల్లాకు తెగులు తెచ్చునది డి.ఎన్.ఏ. వైరసు. మనము ఇచట చెప్పుకొను రెండును ఆర్.ఎన్.ఏ. వైరసులే.

కుటుంబము, దాని పేరు

మొవ్వుకుళ్ళు వైరసు ఇంటిపేరు టోస్పోవిరిడే. ఈ పేరు వినుటకు వింతగా నున్నను, పుట్టినది టమోటా చేనిలోనే. 1915లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున టమోటా మొక్కలు మచ్చలు పడి వాడిపోవుట గమనించి దానికి "టొమాటో స్పాటెడ్ విల్ట్" అని పేరు పెట్టిరి. అనగా మచ్చలతో వాడు తెగులు. అది వైరసు వలన కలుగునని 1930లో తేలినది. ఆ పేరులోని మొదటి అక్షరములను కూర్చి "టోస్పో" అనిరి.

చాలకాలము ఈ వైరసు ఏకాకిగానే ఉండెను. మొక్కల వైరసులలో దీనిని పోలినది మరియొకటి కనబడకపోవుటచే శాస్త్రజ్ఞులు దీనిని ఒంటరిగా ఒక తరగతిలో కూర్చుండబెట్టిరి. తరువాత దాని లోపలి కట్టుబాటును పరికింపగా, దోమలు, పిడుదుల వలన పశువులకు, మనుష్యులకు వచ్చు కొన్ని వైరసులకు ఇది దగ్గరి చుట్టమని బయటపడినది. ఆఫ్రికాలోని ఉగాండా దేశమున బున్యంవేరా అను చోట దొరికిన వైరసు పేర వెలసిన బున్యావిరిడే కుటుంబములో 1991లో దీనిని చేర్చిరి. ఆ ఉమ్మడి కుటుంబము మరీ పెద్దదైపోయినందున, అన్నదమ్ములు వేరుపడినట్లు, 2017లో దానిని విడదీసి మొక్కలకు తగులు శాఖను టోస్పోవిరిడే అను ప్రత్యేక కుటుంబముగా ఏర్పరచిరి. నేడు ఈ యింట ఇరువదికి పైగా వైరసులు కలవు.

పశువుల, మనుష్యుల వైరసులతో చుట్టరికమనగానే కొందరికి భయము కలుగవచ్చును. ఆ భయము అనవసరము. క్రిమియన్-కాంగో జ్వరము తెచ్చు వైరసు వంటివి ఈ వంశమున దూరపు దాయాదులే గాని, టోస్పో వైరసులు మొక్కలలోను, తామరపురుగులలోను తప్ప మరెచ్చటను బ్రతుకవు. ఉంగరపు మచ్చలు పడిన టమోటా తిన్నవారికి దీనివలన ఏ కీడును లేదు. కీడు అమ్మువారికే. మదనపల్లె మార్కెట్టులో అట్టి కాయకు ధర పలుకదు.

మన దేశపు వేరుశనగలోని వైరసును సైతము చాలకాలము ఆస్ట్రేలియాలో చూచిన టమోటా వైరసే అనుకొనిరి. ఇక్రిశాట్‌లో పనిచేసిన డి.వి.ఆర్. రెడ్డిగారు, వారి సహచరులు దీనిని శుద్ధిచేసి, సీరం పరీక్షలతో పోల్చిచూచి, ఇది వేరు వైరసని 1992లో ప్రకటించిరి. అప్పటినుండి దీనికి వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరసు అను పేరు స్థిరపడినది. ఒకే యింటివారైనను అన్న వేరు, తమ్ముడు వేరు.

ఈ కుటుంబములో మనకు తగులు దాయాదులను కొందరిని చెప్పుకొనవలెను. పుచ్చ పాదులలో కొనలు మాడి, తీగ కురచబడి, కాయ నిలువకుండ చేయునది పుచ్చ మొవ్వుకుళ్ళు వైరసు. వేరుశనగ వైరసుకు ఇది మిక్కిలి దగ్గరిది. ఉల్లిలో, ముఖ్యముగా విత్తనపు ఉల్లిలో, ఆకులపై, పూకాడలపై గడ్డిరంగు కండె ఆకారపు మచ్చలు పెట్టునది ఐరిస్ పసుపుమచ్చ వైరసు. వేరుశనగలో ఆకులపై పసుపు మచ్చలు మాత్రము పెట్టి అంతగా నష్టము చేయని వేరుశనగ పసుపుమచ్చ వైరసు ఒకటి కలదు. దీనిని చూచి కంగారుపడి మందులు కొట్టువారున్నారు. చిగురు మాడకుండ, మొక్క గిడసబారకుండ మచ్చలు మాత్రమే ఉన్నచో ఆ పైరు జోలికి పోకుండుటయే మేలు.

ఇక అసలు మొవ్వుకుళ్ళు వైరసు ఒక్క వేరుశనగతో తృప్తిపడునది కాదు. టమోటా, మినుము, పెసర, అలసంద మొదలగు పైరులకును, తగిరిస వంటి కలుపు మొక్కలకును తగులును. మన జిల్లాలలో వేరుశనగ చేనికి ప్రక్కనే టమోటా తోట, దాని ప్రక్కన పుచ్చ పాదు ఉండుట సాధారణము. ఏడాది పొడుగున ఎక్కడో ఒకచోట దానికి నెలవు దొరకుచునే ఉండును.

నిర్మాణము – మూడు గింజల కాయ

ఈ వైరసు కణము గుండ్రనిది. అడ్డుకొలత సుమారు 80 మొదలు 120 నానోమీటర్లు. ఇట్టివి పదివేలు వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవగును. మామూలు సూక్ష్మదర్శినిలో సైతము కనబడదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలెను.

దీని కట్టుబాటును మూడు గింజల వేరుశనగ కాయతో పోల్చవచ్చును. కాయకు పైన పెంకు ఉన్నట్లు, వైరసుకు పైన కొవ్వు పొర ఉండును. ఈ పొర వైరసు సొంతము కాదు. తాను పుట్టిన కణమునుండి బయలుదేరునపుడు అచటి పొరనే చుట్టుకొని వచ్చును. పొరపై మాంసకృత్తులతో చేయబడిన ముండ్ల వంటి మొలకలు రెండు రకములు నిలిచియుండును. పెంకు లోపల మూడు గింజలున్నట్లు మూడు ఆర్.ఎన్.ఏ. పోగులు ఉండును. ప్రతి గింజకును పలుచని పొట్టు ఉన్నట్లు ప్రతి పోగును మాంసకృత్తు చుట్టుకొనియుండును. పోగులలో పెద్దది సుమారు 8,900 అక్షరముల పొడవు, నడిమిది 4,800, చిన్నది 3,000. మూడును కలిపినను 17,000 అక్షరములకు మించదు. మీ చేతిలోని యీ వ్యాసమంత వ్రాతతో అది ఎకరముల కొలది పైరును మార్చివేయుచున్నది!

ఆ వ్రాతలో విశేషమొకటి కలదు. పాతకాలపు అచ్చుకూటములో సీసపు అక్షరములు తిరుగవేసి ఉండెడివి. వాటిని నేరుగా చదువలేము. కాగితముపై ఒత్తిన పిమ్మటనే చదువవీలగును. ఈ వైరసు పెద్ద పోగు అట్టి తిరుగువ్రాతయే. తక్కిన రెండు పోగులలో కొంత భాగము నేరుగాను, కొంత తిరుగగాను వ్రాయబడియుండును. మొక్క కణము తిరుగువ్రాతను చదువలేదు గనుక, వైరసు తన వెంట ఒక లేఖకుని తెచ్చుకొనును. పోగులతోపాటు పెంకులో ఇమిడియుండు ఒక మాంసకృత్తు ఆ తిరుగువ్రాతను తీసి మొక్క చదువగలిగినట్లు ప్రతి వ్రాయును. చిన్న పోగులోని వ్రాతలో మరియొక మాంసకృత్తు సంగతి కలదు. అది మొక్క తనను తాను కాపాడుకొను ఏర్పాటును మొద్దుబార్చును. నడిమి పోగునుండి పుట్టు ఇంకొకటి ఒక కణమునుండి ప్రక్క కణములోనికి వైరసు దూరుటకు దారి తీయును.

పెంకుపై మొలకలు దేనికి? అవి మొక్క కొరకు కావు. ప్రయోగశాలలో తామరపురుగుతో పనిలేకుండ, తెగులు మొక్క రసమును మంచి మొక్కకు రుద్ది తరతరములుగా ఈ కుటుంబపు వైరసును పెంచినచో, కొన్నాళ్ళకు పెంకు లేని వైరసులు పుట్టుకొచ్చును. అవి మొక్కలో బాగుగనే పెరుగును గాని తామరపురుగుకు అంటవు. అనగా ఆ మొలకలు తామరపురుగు కడుపు తలుపు తీయు తాళపుచెవులు. ఈ వైరసు బ్రతుకంతయు తామరపురుగుపైననే ఆధారపడియున్నది. విత్తనము ద్వారా రాదు, నేల ద్వారా రాదు, గాలి ద్వారా తనంతట తాను రాదు.

తామరపురుగుతో దాని పొత్తు

తామరపురుగు ఒక మిల్లీమీటరు పొడవుండు సన్నని పురుగు. చిగురును తెల్లకాగితముపై తట్టినచో సన్నని గీతల వలె ప్రాకుచు కనబడును. ఆకు పొరలలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు ఆకును గీరి రసము త్రాగి పెరిగి, నేలలో దిగి కొన్ని దినములు కదలక యుండి, పిదప రెక్కలతో బయటికి వచ్చును. మన యెండలకు రెండు వారములు మొదలు మూడు వారములలో ఒక తరము ముగియును. మొవ్వుకుళ్ళు వైరసును మోయునది త్రిప్స్ పామీ అను జాతి. తొలుత వేరొక జాతిని అనుమానించిరి గాని, 1990 తరువాతి పరిశోధనలలో ఇది నిలిచినది.

ఇచట రైతు గుర్తుంచుకొనదగిన సంగతి ఒక్కటి కలదు. వైరసును రెక్కల పురుగు క్రొత్తగా ఎక్కించుకొని వ్యాపింపజేయలేదు. పిల్లపురుగుగా ఉన్నపుడు తెగులు మొక్కను గీరినదే, పెద్దదైన పిమ్మట తెగులును మోయును. పిల్లపురుగు కడుపులోనికి పోయిన వైరసు అచట పెరిగి, లాలాజల గ్రంథులకు చేరును. పురుగు పెద్దదైన తరువాత ఆ దారి మూసికొనిపోవును. కనుక మంచి మొక్కపై పెరిగిన రెక్కల పురుగు ఆ పిమ్మట ఎన్ని తెగులు మొక్కలపై వాలినను దానివలన భయము లేదు. చిన్ననాడు వైరసు తగిలినదో, అది చచ్చువరకు మోయుచునే ఉండును. కాని ఆ పురుగు పెట్టు గ్రుడ్లకు వైరసు పోదు. ప్రతి తరమును మరల మొదటినుండి అంటించుకొనవలసినదే.

దీనివలన తేలునదేమి? మీ వేరుశనగ చేనిలో కనబడు మొవ్వుకుళ్ళు చాలవరకు ఆ చేనిలో ఒక మొక్కనుండి మరియొక మొక్కకు ప్రాకినది కాదు. వెలుపలి పైరులపై, కలుపుపై పుట్టి పెరిగి, గాలివాటున ఎగిరివచ్చి వాలిన పురుగులు తెచ్చినది. అట్టి పురుగు కొద్ది నిముషములు ఆకును గీరిన చాలును, వైరసు లోపలికి దిగును. మందు ఆకుపై ఉన్నను, పురుగు చచ్చులోపల తన పని ముగించియే చచ్చును. మొవ్వుకుళ్ళు కనబడిన పిమ్మట మందు కొట్టి ఫలము లేదనుటకు కారణమిదియే. చిగురున లక్షణము కనబడుటకు వారము, పది దినములు ముందే ఆ పురుగు వచ్చి వాలియుండును.

తెగులు మొక్కలను పీకివేయుట కూడ ఈ తెగులుకు వేరుశనగలో మంచి పని కాదు. తక్కిన తెగుళ్ళకు పీకుడని చెప్పుటకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోచవచ్చును. పీకినచో సాలులో ఖాళీ పడును. ఎగిరివచ్చు తామరపురుగులు నేల కనబడు పలుచని చేలలో ఎక్కువగా వాలును. నేలను పూర్తిగా కప్పిన చేనిలో తక్కువగా వాలును. పైగా చిక్కని పైరులో కొన్ని మొక్కలు పోయినను ప్రక్క మొక్కలు ఆ చోటును ఆక్రమించి దిగుబడిని కొంత పూడ్చును.

లక్షణములు – రెంటిని వేరుచేయుట

మొవ్వుకుళ్ళు మొదట లేత ఆకులపై లేత పసుపు చుక్కలుగాను, ఉంగరములుగాను కనబడును. ఎండ తీవ్రమైనచో, ముఖ్యముగా 30 డిగ్రీల పైన, చిగురు మాడి నల్లబడును. మొక్క చావక నిలిచినచో ప్రక్క కొమ్మలు గుంపుగా పుట్టి, చిన్నవై వంకరలు తిరిగిన ఆకులతో, మొక్క చీపురుకట్ట వలె పొట్టిగా గుబురు కట్టును. కాయలు తక్కువ. గింజలు ముడుతలు పడి, పొట్టు మచ్చలతో రంగు మారియుండును. నాటిన నెలలోపల తగిలినచో ఆ మొక్కకు ఫలసాయము లేనట్లే. ఆలస్యముగ తగిలినచో కొంత చేతికి వచ్చును.

కాండపుకుళ్ళులో లేత ఆకులపై నల్లని మాడు మచ్చలు పడి, ఈనెలు, ఆకుకాడలు, అచటినుండి కాండమే నల్లబడి పైనుండి క్రిందికి ఎండుకొనివచ్చును. లేత మొక్కలు చాలవరకు రెండు మూడు వారములలో పూర్తిగా చచ్చును. గుబురు కట్టుట అంతగా ఉండదు. ఆలస్యముగ తగిలిన మొక్కలలో కాయలపై నల్లని మచ్చలు కనబడును. పొట్టి గుబురు మొక్కలు ఎక్కువయున్నచో మొవ్వుకుళ్ళు, నల్లని కాండముతో చచ్చిన మొక్కలు ఎక్కువయున్నచో కాండపుకుళ్ళు అని స్థూలముగా తలపవచ్చును. నిశ్చయముగా తేల్చునది పరీక్ష మాత్రమే.

పొగాకు చారల వైరసు బ్రోమోవిరిడే కుటుంబములోనిది. దానికి కొవ్వు పెంకు లేదు, మొలకలు లేవు. కణము సుమారు 30 నానోమీటర్లు, అనగా టోస్పో వైరసులో మూడవవంతు. దాని వ్రాతయు మూడు పోగులే గాని, ఒకే కాయలో మూడు గింజలుగా గాక వేరువేరు కాయలలో ఒక్కొక్క గింజగా ఉండును. ఆ వ్రాత తిరుగువ్రాత కాదు, నేరువ్రాత. కణములో పడినంతనే మొక్క దానిని చదువనారంభించును. తామరపురుగు కడుపులో ఇది పెరుగదు. ఇది ఉండునది పుప్పొడిలో. వయ్యారిభామకు ఈ వైరసు తగిలినను మొక్క ఏ చిహ్నమును చూపక పచ్చగా పూయుచునే ఉండును. ఆ పూలలో తిరిగిన తామరపురుగు మేనికి పుప్పొడి అంటుకొని, వేరుశనగ చిగురుపై వాలి గీరినపుడు, ఆ గాయములో పుప్పొడిలోని వైరసు దిగును. మొవ్వుకుళ్ళు వైరసుకు తామరపురుగు కాపురముండు ఇల్లు. దీనికి అది మూటలు మోయు కూలి మాత్రమే. ఏ జాతి తామరపురుగైనను, ఏ వయసుదైనను ఈ మూట మోయగలదు.

మన దేశమున ఈ తెగులు మొదట ప్రొద్దుతిరుగుడులో బయటపడినది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి వద్ద దానిని గమనించిరి. బాగేపల్లి మనకు ఎంత దూరము? అచట పూచిన పుప్పొడికి రాష్ట్రపు సరిహద్దు అడ్డు కాదు.

చేయవలసిన పనులు

రెండు తెగుళ్ళకును పనికివచ్చునవి కొన్ని, ఒక్కదానికే పనికివచ్చునవి కొన్ని కలవు.

కాండపుకుళ్ళుకు మొదటి పని వయ్యారిభామను తీయుట. ఇందులో కాలము ముఖ్యము. పూతకు రాకముందే, అనగా తొలి వానకు మొలచి చేరెడు ఎత్తున నున్నపుడే, గట్లపై, బాటల వెంట, బీడులలో పీకివేయవలెను. పూచిన పిమ్మట పీకి గట్టుమీదనే పడవేసినచో చేసిన పని సగము వ్యర్థము. ఒక్కరు చేసిన చాలదు, చుట్టునున్న నాలుగు చేలవారు కలిసి చేయవలెను. ఈ మొక్క తగిలిన కొందరికి ఒంటిపై దద్దురులు లేచును, ఉబ్బసము వచ్చును. చేతికి తొడుగులు వేసికొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని పీకుడు. వేరుశనగ ప్రక్కన ప్రొద్దుతిరుగుడు, బంతి వేయకుండుట మంచిది. అవియు పుప్పొడితో ఈ వైరసును పంచును.

మొవ్వుకుళ్ళుకు మొదటి పని మొక్కల సంఖ్యను కాపాడుట. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఉన్నచో చదరపు మీటరుకు 33 మొక్కలు, ఎకరాకు సుమారు 1,33,000 మొక్కలు వచ్చును. నీటి వసతిగల చోట సాళ్ళ నడుమ 22.5 సెంటీమీటర్లు చాలును. అపుడు చదరపు మీటరుకు 44 మొక్కలు. విత్తనము ధర ఎక్కువయని పలుచగా వేయువారు మొవ్వుకుళ్ళు వచ్చు చోట ఆదా చేసినదానికంటె ఎక్కువ పోగొట్టుకొందురు. మొలకశాతము చూచుకొని, విత్తనశుద్ధి చేసి, సందులు పడకుండ నాటుట ఈ తెగులుకు నిజమైన మందు.

రెండవది నాటు కాలము. పటాన్‌చెరులో జరిపిన పరిశీలనలలో తామరపురుగులు పెద్ద సంఖ్యలో ఎగురుట ఆగస్టు, సెప్టెంబరు నెలలలోను, మరల జనవరిలోను కనబడినది. ఆ వేళకు పైరు నెల దాటి నేలను కప్పియున్నచో నష్టము తక్కువ. ముంగారు తొలి పదునుకే నాటుట, యాసంగి పైరును నవంబరులోనే నాటుట మేలనుటకు ఇది ఆధారము. మన వానలు మన మాట వినవు నిజమే. ఐనను బోరుబావి క్రింద యాసంగి పైరు వేయువారికి కాలము కొంతవరకు చేతిలోనిదే.

మూడవది అడ్డు పైరు. చేని చుట్టు జొన్న గాని, సజ్జ గాని కనీసము 4 సాళ్ళు చిక్కగా వేయవలెను. తక్కువ ఎత్తున గాలిలో తేలివచ్చు తామరపురుగులు ఆ తెరలో చిక్కుకొనును. వేరుశనగ 7 సాళ్ళకు సజ్జ 1 సాలు చొప్పున అంతరపంటగా వేసినచో మొవ్వుకుళ్ళుకు మరింత రక్ష. ఈ అడ్డు పైరును వేరుశనగతోపాటు గాని, కొన్నాళ్ళు ముందుగా గాని వేయవలెను. వేరుశనగ మొలచి నెలయైన పిదప వేసిన జొన్న మేతకు తప్ప ఇంకెందుకును పనికిరాదు.

కాండపుకుళ్ళు వచ్చు చోట్ల కిలో విత్తనమునకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి నాటినచో తొలి దినములలో తామరపురుగు ఉద్ధృతి తగ్గును. డబ్బాపైనున్న సూచనలను చదివి, చేతి తొడుగులతో కలుపుడు. మందు పట్టించిన విత్తనమును తినుటకు గాని, గానుగకు గాని వాడరాదు.

రకముల విషయమున ఒక మాట. టి.ఎం.వి. 2 మొవ్వుకుళ్ళుకు సులభముగా లొంగు రకము. కదిరి 3 అని పేరుపొందిన రాబట్ 33-1 రకములో తెగులు తక్కువగా ఉండుట పలు ప్రయోగములలో గమనించిరి. దాని సంతతినుండి వచ్చిన ఐ.సి.జి.యస్. 11, ఐ.సి.జి.యస్. 44 కూడ చేనిలో కొంత తట్టుకొనునవి. ఇవి వైరసును పూర్తిగా అడ్డుకొనునవి కావు, దెబ్బను తగ్గించునవి మాత్రమే. క్రొత్త రకములలో మీ నేలకు, నీటికి ఏది తగునో తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని అడిగి తెలిసికొనుడు.

టమోటా రైతులకు పద్ధతి కొంత వేరు. ఇచట చిగురుటాకులు కంచురంగుకు తిరిగి, కాడలపై నల్లని చారలు పడి, కాయలపై ఒకదానిలో ఒకటిగా ఉంగరములు పడును. నారుమడిలోనే తగిలిన వైరసు తోటంతయు వచ్చును గనుక, నారును సన్నని నైలాను వల క్రింద పెంచవలెను. నారు కొనువారు వల లేని నారుమళ్ళ నారును చవకయని కొనరాదు. కాపు ముగిసిన పాత తోటను వదలివేసి, దాని ప్రక్కనే క్రొత్త తోట నాటుట మన ప్రాంతమున కనబడు పెద్ద పొరపాటు. పాత తోటలో పెరిగిన పిల్లపురుగులే రెక్కలు వచ్చి క్రొత్త తోటపై వాలును. నాటిన తొలి వారములలో కనబడిన తెగులు మొక్కను పీకి, అచట మంచి నారు పెట్టవచ్చును. టమోటాలో మొక్కల నడుమ దూరము ఎక్కువ గనుక వేరుశనగకు చెప్పిన అభ్యంతరము దీనికి లేదు.

పరీక్షకు మొక్కలు తెచ్చునపుడు

ఏ వైరసో తేల్చుకొనుటకు మొక్కలను తిరుపతి పరిశోధనా స్థానమునకో, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రమునకో తీసికొనివచ్చి శాస్త్రజ్ఞులకు చూపుడు. ఎండి నల్లబడిన మొక్కను తెచ్చినచో అందులో ఏ వైరసుండెనో చెప్పుట కష్టము. తెగులు క్రొత్తగా కనబడిన మొక్కల లేత ఆకులను, నాలుగైదు మొక్కలనుండి విడివిడిగా తీసి, కొద్దిగా తడిపిన కాగితములో చుట్టి, పాలిథీను సంచిలో పెట్టి, ఎండ తగులకుండ అదే దినము తేవలెను. నాటిన తేది, రకము, గట్టుమీద వయ్యారిభామ కలదా, ప్రక్క చేనిలో ఏ పైరున్నది అను నాలుగు సంగతులను చీటీపై వ్రాసి అందులో వేయుడు. చీటీ పెన్సిలుతో వ్రాసినచో తడికి చెరగదు.